‘కుప్ప మేం చూస్తం, నువ్వు దవాఖానకు పో అన్నా’

‘వడ్ల కుప్ప దగ్గర గుండె ఆగి రైతు మృతి.’ యాసంగి కొనుగోళ్లు మొదలైతే చాలు, జిల్లా పేజీల్లో ఇలాంటి వార్త మన కంట పడుతూనే ఉంటుంది. పంట ఎండినా, వడగళ్లకు గింజ రాలినా, ధర పడిపోయినా, అప్పిచ్చినవాడు వచ్చి వాకిట్లో కూర్చున్నా చివరికి అదే మాట: గుండె ఆగింది. మన సంఘం కూడా సభల్లో, కరపత్రాల్లో ఈ మాట వాడుతూనే ఉంది. రైతు గుండె మీద ఇంత బరువు పెట్టింది పాలకుల విధానాలేనని చెబుతూనే ఉన్నాం. అందులో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోనక్కర లేదు.

కానీ ఒక ప్రశ్న మనం ఇన్నాళ్లూ అడగలేదు. ఆ గుండె ఆగడానికి ముందు ఎన్ని గంటలు నొప్పి పెట్టింది? ఆ గంటల్లో పక్కనే ఉన్న మనం ఏం చేశాం?

పోయిన యాసంగిలో ఈ ప్రశ్న మనల్నే వెతుక్కుంటూ వచ్చింది. మన సంఘం సభ్యుడు ఒకరు, యాభై దాటిన మనిషి, మూడెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి పదకొండు రోజులైంది. తేమ 17 శాతానికి దిగింది, గన్నీ సంచులు లేవు. సంచులు వచ్చాయి, లారీ లేదు. మబ్బు పట్టినప్పుడల్లా పరదాలు కప్పడం, ఎండ రాగానే తీసి నేర్పడం. చివరికి ‘రేపు పొద్దున నీ కాంటా’ అన్నారు. ఆ రాత్రి కుప్ప దగ్గరే పడుకున్నాడు.

రాత్రి పదకొండుకు ఛాతీ బరువెక్కింది. గ్యాస్ అనుకున్నాడు. పక్క కుప్ప రైతు సోడా తెచ్చి ఇచ్చాడు. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టింది, చొక్కా తడిసేలా చెమట పోసింది. ఒంటిగంటకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి బండి మీద పోయి గ్యాస్ సూది వేయించుకున్నాడు. ‘ఇక్కడే పండుకో, పొద్దుగాల పట్నం పోయి చూపించుకో’ అని ఆయన అన్నాడు. ఈయన ఆగలేదు. పొద్దున కాంటా పోతే మళ్లీ ఎన్ని రోజులకో అని కుప్ప దగ్గరికే తిరిగి వచ్చాడు. నాలుగున్నరకు హమాలీలు లేపబోతే లేవలేదు.

పొద్దున ఎనిమిదింటికి మనం అక్కడ ఉన్నాం. రోడ్డు మీద బైఠాయించాం. తహసీల్దారు వచ్చి హామీ ఇచ్చేదాకా కదల్లేదు. అది మనకు తెలిసిన పని, బాగానే చేశాం. పదకొండో రోజున ఇంటికి పోయినప్పుడు ఆయన భార్య చెప్పిన మాటలకు మాత్రం మన దగ్గర జవాబు లేదు. “రాత్రి పదకొండు గొట్టంగ ఫోన్ జేసిండు అన్నా. ఛాతిల రాయి పెట్టినట్టున్నదన్నడు. గ్యాసయితది, సోడ తాగు అని నేనే చెప్పిన. నేనట్ల అనకపోతే బతుకుతుండెనా?”

ఆ అమ్మ ఒక్కతే కాదు. సోడా తెచ్చి ఇచ్చిన పక్క కుప్ప రైతు మన గ్రామ కమిటీ సభ్యుడే. ఐదున్నర గంటల్లో ఆ మనిషి నొప్పి సంగతి భార్యకు తెలుసు, పక్క రైతుకు తెలుసు, ఆర్‌ఎంపీకి తెలుసు. 108కి ఫోన్ చేయాలని ఒక్కరికీ తోచలేదు. వాళ్లలో ఎవరికీ ఆయన మీద ప్రేమ తక్కువ కాదు. తెలియకపోవడం ఒకటి, కాంటా పోతుందన్న భయం ఒకటి, ఈ రెండూ కలిసి ఆయన్ని అక్కడే ఉంచాయి. ఈ రెండింటి గురించీ మాట్లాడుకోవడానికే ఈ వ్యాసం.

ఇది పట్నం రోగం కాదు

గుండెపోటు కుర్చీలో కూర్చునేవాళ్లకు, నెయ్యి తినేవాళ్లకు వచ్చే రోగమని, ఎండలో ఒళ్లు వంచేవాడికి రాదని మనలో చాలామంది నమ్ముతారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకూ కారణం వెతికారు. మొత్తం 1354 మరణాల్లో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వల్ల పోయినవారు అందులో సగం కూడా లేరు. ఇరవై ఏళ్ల కిందటే పల్లె పరిస్థితి అది. పైగా మన దేశాల వాళ్లకు తొలి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ఐదారేళ్లు ముందే, యాభై మూడేళ్లకు అటూ ఇటూగా వస్తోందని 2004లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. అంటే ఇంటి భారం మోస్తున్న వయసులోనే.

చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా, చూసుకోని బీపీ, చూసుకోని షుగరు, నిద్ర లేని రాత్రులు. ఇవి మన ఊళ్లలో ఏ ఇంట్లో లేవు? ఒళ్లు కష్టపడుతోంది కదా అని రక్తనాళం ఊరుకోదు.

గుండెలో జరిగేది ఏమిటి?

మనకు తెలిసిన లెక్కలోనే చెప్పుకుందాం. గుండె కూడా ఒక కండ. దానికి కూడా కాలువల ద్వారా రక్తం పారాలి. ఏళ్ల తరబడి ఆ కాలువ గోడలకు కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ పేరుకున్నది చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి కాలువ మూసుకుపోతుంది. ఇక ఆ కాలువ కింద ఉన్న మడి ఎండడం మొదలవుతుంది. అదే గుండెపోటు. మడి ఒక్క నిమిషంలో ఎండదు, కొన్ని గంటలు పడుతుంది. ఆలోగా నీరు తిరిగి పారితే పైరు నిలబడుతుంది. ఎంత ఆలస్యమైతే అంత మడి పోతుంది. ఎండిన పైరుకు ఎన్ని నీళ్లు పెట్టినా లాభం లేదన్నది మనకు ఇంకొకరు చెప్పక్కర లేదు.

అడ్డం పడిన గడ్డను కరిగించే సూది మందు ఉంది. ఆంజియోప్లాస్టీ చేసి కాలువ తెరిచే పద్ధతి ఉంది. సూది మందు మొదటి గంట రెండు గంటల్లో పడితే దాని బలం ఎక్కువ. పన్నెండు గంటలు దాటాక దానివల్ల ప్రయోజనం దాదాపు ఉండదు. పదకొండింటికి నొప్పి మొదలైన మనిషి పొద్దున పట్నం పోదామనుకుంటే ఎంత పోగొట్టుకుంటాడో ఇప్పుడు లెక్క వేసుకోవచ్చు.

గుర్తులు ఇవీ

సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని ఒక్కసారిగా పడిపోవడమే గుండెపోటు కాదు. ఎక్కువమందికి మెల్లగా మొదలవుతుంది. ఛాతీ మధ్యలో బరువు, పిండినట్టు, బిగించినట్టు, మంటగా ఉండడం. కొన్ని నిమిషాలైనా తగ్గకపోవడం, లేదా తగ్గి మళ్లీ రావడం. ఆ బాధ ఎడమ చేతికి గానీ, రెండు చేతులకు గానీ, మెడకు, దవడకు, వీపుకు, పొట్ట పై భాగానికి గానీ పాకడం. ఏ పనీ చేయకుండా కూర్చున్నా చల్లని చెమటలు పట్టడం. ఆయాసం, వికారం, వాంతి, కళ్లు తిరగడం, ఏదో అయిపోతున్నట్టు భయం. ఇవన్నీ ఒకేసారి ఉండాలని లేదు. ఒకటి రెండు ఉన్నా చాలు.

ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో ఛాతీ నొప్పి అసలు లేకపోవచ్చు కూడా. ఎన్నడూ లేని నీరసం, నాలుగడుగులకే ఆయాసం, వీపులో దవడలో నొప్పి, వాంతులు మాత్రమే ఉండవచ్చు. నాట్లలో నడుం వంచిన అక్క ‘ఒళ్లు తేలిపోతున్నది’ అంటే, రాత్రి తిండి సరిగా లేదనో, రక్తం తక్కువనో సరిపెడతాం. ఆమె కూడా కూలి పోతుందని గట్టు మీద కూర్చోదు. మగవాళ్ల నొప్పికే దిక్కులేని చోట ఆడవాళ్ల ఆయాసాన్ని ఎవరు పట్టించుకుంటారు? మహిళా సభ్యుల సమావేశాల్లో ఈ సంగతి ప్రత్యేకంగా మాట్లాడాలి.

కొందరికి ముందుగానే హెచ్చరిక వస్తుంది. బస్తా ఎత్తితే, గట్టు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండి, ఆగితే తగ్గిపోవడం. అది కాలువ సన్నబడిందని గుండె చెబుతున్న మాట. తగ్గింది కదా అని వదిలేయకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి. చిన్న పనికే వస్తున్నా, ఊరికే కూర్చున్నా వస్తున్నా వారం కాదు, ఆ పూటే పోవాలి.

గ్యాస్, వడదెబ్బ, మందు ఘాటు

మన పనిలో మూడు పొరపాట్లకు ఆస్కారం ఎక్కువ.

ఒకటి గ్యాస్. గుండె కింది భాగానికి పోటు వస్తే నొప్పి పొట్ట పై భాగంలోనే తెలుస్తుంది, వాంతి కూడా వస్తుంది. తేన్పు వస్తే కాస్త హాయిగానూ అనిపిస్తుంది. అందుకని సోడా తాగితే తగ్గింది కాబట్టి గుండె కాదు అన్న లెక్క తప్పు. గ్యాసో గుండెపోటో తేల్చేది సోడా కాదు, ఈసీజీ. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి ఉంటే అక్కడే ఉండాలి. మళ్లీ ఈసీజీ తీయాలి, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేయాలి. ‘బాగానే ఉంది, ఇంటికి పొమ్మన్నారు’ అని తిరిగి వచ్చి పోయినవాళ్లు ఉన్నారు.

రెండు వడదెబ్బ. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి మత్తుగా ఉంటే వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా తడపాలి, గాలి విసరాలి. నీడలో కూర్చున్నా చల్లని చెమట, ఛాతీలో బరువు ఉంటే గుండె అని అనుమానించాలి.

మూడు పురుగుమందు ఘాటు. మందు కొట్టిన రోజున చెమటలు, వాంతులు, ఛాతీ బిగుసుకోవడం దీనిలోనూ ఉంటాయి. అయితే కంట్లో పాప సూది మొనలా చిన్నదైపోవడం, నోట్లో చొంగ, కళ్ల వెంట నీళ్లు, కండరాలు అదరడం కనబడతాయి. మందు డబ్బా వెంట తీసుకుపోవాలి.

ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడం కోసం మనం చర్చ పెట్టుకోనక్కర లేదు. వడదెబ్బకైనా, మందు ఘాటుకైనా, గుండెపోటుకైనా 108కే ఫోన్ చేయాలి. తేల్చే పని వాళ్లది.

చేయవలసినవి, చేయకూడనివి

పని వెంటనే ఆపించాలి. ట్రాక్టరు మీద ఉంటే దింపాలి, మోటారు దగ్గర ఉంటే బయటికి తేవాలి. వీపుకు ఆనుకునేలా కూర్చోబెట్టి చొక్కా గుండీలు, మొలతాడు వదులు చేయాలి. 108కి ఫోన్ చేసి మొదటి మాటగా ‘ఛాతీ నొప్పి, చెమటలు’ అని చెప్పాలి. ఊరు, మండలం, దగ్గరి గుర్తు చెప్పి, ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టాలి. పొలాల్లో దారి తెలియక బండి తిరిగితే ఆ నిమిషాలు కూడా మనవే.

తెలివిలో ఉండి, మింగగలిగితే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించాలి. ఇళ్లలో గుండె జబ్బు ఉన్న పెద్దలకు ఇచ్చే 75 మిల్లీగ్రాముల మాత్రలైతే నాలుగు. గడ్డ మరింత పెరగకుండా అది ఆపుతుంది. 1988లో 17 వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద జరిగిన అధ్యయనంలో ఒక్క ఆస్పిరిన్‌తోనే మరణాలు దాదాపు నాలుగోవంతు తగ్గాయి. ఖరీదు కొన్ని రూపాయలు. అయితే ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో పుండు ఉండి రక్తం పోయినవారికి, మూతి వంకర పోయి కాలూ చెయ్యీ పడిపోయినవారికి ఇవ్వకూడదు. వడదెబ్బ అనో మందు ఘాటు అనో అనుమానం ఉన్నా ఇవ్వకూడదు. అనుమానం వస్తే 108 వాళ్లను ఫోన్‌లోనే అడగాలి. మాత్ర వేశాం కదా అని బండి వద్దనుకోకూడదు.

నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర డాక్టరు ముందే ఆ మనిషికి రాసి ఉంటేనే వాడాలి. బీపీ పడిపోయి ఉన్నవాడికి అది పెడితే మరింత ప్రమాదం.

నడిపించకూడదు. ఆయన్ని బండి నడపనివ్వకూడదు, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోకూడదు. అంబులెన్స్‌లో ఆక్సిజన్ ఉంటుంది, చూసుకునే మనిషి ఉంటాడు. బండి చాలా ఆలస్యమవుతుందని వాళ్లే చెబితే కారో, ఆటోనో చూసుకోవాలి. తిండి, సోడా, మజ్జిగ పెట్టకూడదు. ఛాతీ మీద తైలం రాస్తూ కూర్చోకూడదు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నమ్మకూడదు.

ఎక్కడికి తీసుకుపోవాలన్నది ముందే తెలిసి ఉండాలి. ఈసీజీ, గడ్డ కరిగించే సూది ఉన్న ఆసుపత్రికే పోవాలి. దగ్గరుంది కదా అని అవి లేని చోట ఆగితే అక్కడ గంట, అక్కడి నుంచి ఇంకో గంట పోతుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఉండిపోయిందని వెనక్కి తిరగొద్దు. అత్యవసరమైతే ఫోన్ మీద అనుమతి తీసుకునే ఏర్పాటు ఆ పథకంలో ఉంది. కార్డు వెనకాల ఎవరో ఒకరు తెస్తారు.

మనిషి పడిపోతే

పిలిచినా, భుజం తట్టినా పలకడం లేదు, ఊపిరి లేదు, లేదా చేపలా నోరు తెరిచి ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస తీస్తున్నాడంటే గుండె ఆగిపోయినట్టే. ఎగశ్వాసను ఊపిరి అనుకోకూడదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఎముక మీద ఒక అరచేయి మడమ, దాని మీద రెండో చేయి పెట్టి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కుడు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఊదడం రాకపోతే నొక్కడం ఒక్కటే చేసినా మేలే. అలసిపోతే మనిషి మారాలి, నొక్కడం ఆగకూడదు. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడవద్దు. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

మోటారు స్టార్టరు దగ్గర షాక్ కొట్టి పడిన మనిషికి కూడా ఇదే పద్ధతి. కాకపోతే ముందు కరెంటు ఆపాలి. రాత్రి కరెంటుకు పోయి పొలాల్లో ప్రాణాలు వదిలిన రైతులు మనకు తక్కువ లేరు కాబట్టి, సీపీఆర్ నేర్చుకోవడం మనకు రెండు విధాలా అవసరం.

ఆలస్యానికి కారణం తెలియకపోవడమేనా?

ఇంతవరకు చెప్పినవి ఏ డాక్టరైనా చెబుతాడు. ఇక్కడి నుంచి మన సంఘం మాట్లాడాలి.

2001 నుంచి 2005 మధ్య మన దేశంలో 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో చేరిన 20 వేల మందికి పైగా గుండె రోగులను వైద్యులు పరిశీలించారు. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి సగం మందికి ఆరు గంటలు, అంతకు మించి పట్టింది. అంబులెన్స్‌లో వచ్చినవారు నూటికి ఆరుగురు కూడా లేరు. నెల రోజుల్లో చనిపోయినవారు డబ్బున్నవారిలో నూటికి ఐదారుగురైతే, పేదల్లో ఎనిమిది మందికి పైనే. పేదవాడి గుండె బలహీనమా? కాదు. అందిన వైద్యంలోని తేడాను లెక్కలోకి తీసుకుంటే ఆ మరణాల తేడా మాయమైపోయిందని ఆ వైద్యులే రాశారు. వైద్యం అందితే పేదవాడూ బతుకుతాడు.

ఆ తర్వాత 108 వచ్చింది, ఆరోగ్యశ్రీ వచ్చింది. రెండూ మేలు చేశాయి. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో, చిన్న ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు దాన్ని దూరం నుంచే చూసి చెప్పగానే నలభై వేల పైచిలుకు ఖరీదు చేసే టెనెక్టెప్లేస్ సూదిని ఉచితంగా వేసే పద్ధతి మొదలుపెట్టారు. కావాలనుకుంటే చేయగలరని దీనివల్ల తెలుస్తోంది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి మండలానికి, పగలూ రాత్రీ అది అందాలి. సాయంత్రానికి తాళం పడే ఆరోగ్య కేంద్రం అర్ధరాత్రి నొప్పికి ఏం పనికొస్తుంది?

తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. పట్టా ఉన్న రైతు అరవై ఏళ్ల లోపు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. మంచిదే. కౌలు రైతుకు అది కూడా లేదు, దాని కోసం కొట్లాడుతూనే ఉంటాం. కానీ చనిపోయాక 5 లక్షలు ఇచ్చే ప్రభుత్వం, చనిపోకుండా ఉండడానికి కొనుగోలు కేంద్రం దగ్గర ఏం పెట్టింది? వందల మంది రైతులు నెల రోజులు ఎండలో, రాత్రిళ్లు కుప్పల మీద గడిపే చోట ఒక ఆస్పిరిన్ మాత్ర ఉండదు. బీపీ చూసే మనిషి ఉండడు.

ఊళ్లోని ఆర్‌ఎంపీల గురించి కూడా ఒక మాట. అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. అందుకే వాళ్లను తిట్టడం వల్ల లాభం లేదు. కలిసి కూర్చోబెట్టి ఒకే మాట అడగాలి: ఛాతీ నొప్పితో ఎవరొచ్చినా గ్యాస్ సూది వేసి పంపవద్దు, ముందు 108కి ఫోన్ చేయండి, తర్వాతే మరేదైనా.

మనం డిమాండ్ చేసేవి

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 24 గంటలూ ఈసీజీ, ఆస్పిరిన్, దాన్ని చదివి చెప్పే డాక్టరుతో ఫోన్ సంబంధం ఉండాలి.
2. మండలానికి అందుబాటులో ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో గడ్డ కరిగించే సూది మందు ఎప్పుడూ నిల్వ ఉండాలి, ఉచితంగా వేయాలి.
3. కొనుగోళ్ల కాలంలో కేంద్రాలకు, మార్కెట్ యార్డులకు దగ్గరలో 108 బండి నిలపాలి. అక్కడి సిబ్బందికి, హమాలీలకు సీపీఆర్ నేర్పాలి.
4. జబ్బు పడి ఆసుపత్రికి పోయిన రైతు కాంటా వరస పోకుండా అధికారులు రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి.
5. కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు బీమా వర్తింపజేయాలి.

మనం చేసుకోవలసినవి

డిమాండ్లు నెరవేరేదాకా గుండె ఆగదు. అందుకని ఈ వానాకాలం కోతల్లోపే ప్రతి గ్రామ కమిటీ కొన్ని పనులు పూర్తి చేయాలి. మన ఊరికి దగ్గరలో ఈసీజీ, సూది మందు ఏ ఆసుపత్రిలో రాత్రి కూడా దొరుకుతాయో వెళ్లి కనుక్కుని రావాలి. ఆ పేరు, ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద, కొనుగోలు కేంద్రం దగ్గర రాయించాలి. రాత్రి పిలిస్తే వచ్చే కారు, ఆటో ఉన్నవాళ్ల నంబర్లు కమిటీ దగ్గర ఉండాలి. ఊరికి పదిమందైనా సీపీఆర్ నేర్చుకోవాలి, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆరోగ్య కేంద్రం డాక్టరును పిలిచి ఒక పూట అడిగితే కాదనరు. ముప్పై దాటిన ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఏడాదికొకసారి బీపీ, షుగరు చూపించుకోవాలి. మందు రాస్తే మధ్యలో మానకూడదు.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ రాత్రి మన సభ్యుడు దవాఖానకు పోకపోవడానికి అసలు కారణం గ్యాస్ అనుకోవడం ఒక్కటే కాదు. కుప్పను ఎవరు చూస్తారు? వాన వస్తే పరదా ఎవరు కప్పుతారు? పొద్దున కాంటా పిలిస్తే ఎవరు నిలబడతారు? పదకొండు రోజుల కావలి ఒక్క రాత్రితో పోతుందేమోనన్న భయం ఆయన్ని ఆర్‌ఎంపీ ఇంటి నుంచి తిరిగి కుప్ప దగ్గరికి తెచ్చింది. ఆ భయం తీర్చడానికి డాక్టరు అక్కర లేదు, సూది అక్కర లేదు. పక్కనున్న రైతు ఒక్క మాట చెబితే చాలు.

అందుకే మా ప్రతిపాదన ఇది. కొనుగోలు కేంద్రంలో, యార్డులో, పొలంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ క్షణం నుంచి ఆయన కుప్ప, ఆయన పశువులు, ఆయన కాంటా సంఘం బాధ్యత. గింజ పోతే సంఘం జవాబు చెప్పాలి. దీన్ని ప్రతి గ్రామ కమిటీ సమావేశంలో తీర్మానం చేసి, ప్రతి సభ్యుడికీ తెలిసేలా చెప్పాలి. రేపు ఇంకొకరు ఛాతీ పట్టుకుని ‘గ్యాసేమో’ అంటే మనలో ఒకరు 108కి ఫోన్ చేస్తూ, ఇంకొకరు ఆయన భుజం మీద చేయి వేసి అనవలసిన మాట ఒకటే ఉంది: “కుప్ప మేం చూస్తం, నువ్వు దవాఖానకు పో అన్నా.”